తిండి పెడితే సరిపోతుందా? మా రేవు పిల్లుల కథ (ఎపిసోడ్ టెక్స్ట్)

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. పిల్లులు. నవ్వకండి, ఏడాది పాటు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పబోతున్నా.

మా అమ్మమ్మ వాళ్లది దివిసీమ. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న పల్లె, యాభై గడప కూడా ఉండదు. ఒక పక్క రేవు, ఇంకో పక్క మడ అడవి. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో అక్కడికెళ్లా. సిగ్నల్ కోసం పడవల దగ్గర కూర్చుంటే కనిపించాయి ఈ పిల్లులు. ఎవరివీ కావు. వలల్ని ఎలుకలు కొరక్కుండా చూస్తాయని జాలర్లు నాలుగు చేపముక్కలు పడేసేవాళ్లు, అంతే. లెక్కపెడితే పదకొండు. అన్నీ బక్కచిక్కి ఉన్నాయి. రోజూ అన్నంలో చేపలు కలిపి పెట్టడం మొదలుపెట్టా. హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా అమ్మమ్మకి డబ్బులు పంపి పెట్టించా. వీడియోలకి లైకులు బాగానే వచ్చాయి.

ఏడాది తర్వాత వెళ్తే ఇరవై మూడు!

దీని వెనక లెక్క సింపుల్. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టొచ్చు. తొమ్మిది వారాల్లో ఈనుతుంది. ఈతకి సుమారు నాలుగు పిల్లలు, ఏడాదికి రెండు మూడు ఈతలు. పాలిస్తూ ఉండగానే మళ్లీ చూలు కట్టగలదు కూడా. తిండి బాగుంటే ఇది ఇంకా జోరుగా సాగుతుంది. నేను చేసింది అదే.

ఊళ్లో గొడవ మొదలైంది. ఎండబెట్టిన చేపలు మాయమవుతున్నాయి. వరసకి మామయ్య అయ్యే ఒకాయన మొహం మీదే అనేశాడు: "అల్లుడూ, పెంచింది నువ్వు, పడుతున్నది మేము. గోనెసంచిలో వేసి మడలో వదిలేస్తాం, లేదంటే మందు పెడతాం."

విషం పెట్టినా, అలా వదిలేసినా 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. కానీ ఆయనకి సెక్షన్లు చెప్తే వింటాడా? నాకైతే ఆయన కోపంలో తప్పు కనిపించలేదు. అందుకే వేరేలా చెప్పా. ఇవి పోయినా రేవులో చేప వ్యర్థాలు ఉంటాయి కదా, వాటి కోసం కొత్త పిల్లులొస్తాయి. పైగా ఆ మడ అడవుల్లో, అదే కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం వైపు, బావురు పిల్లి ఉంటుంది. ఇంటి పిల్లుల రోగాలు దానికీ అంటుకోవచ్చు. బావురు పిల్లిని చూడని వాళ్ల కోసం: మన పిల్లికి దాదాపు రెట్టింపు సైజు, బూడిద రంగు ఒంటి మీద నల్ల మచ్చలు, పొట్టి తోక. 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు. దాని కూన ముద్దుగా కనిపించిందని ఇంటికి తెచ్చేయకండి. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. ఉన్నచోటే వదిలేసి అటవీ శాఖకి చెప్పండి.

మరి ఏం చేయాలి? పట్టుకోవాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, మళ్లీ అదే చోట వదలాలి. మత్తులో ఉండగానే చెవి కొన కొంచెం కత్తిరించమని అడగండి. లేకపోతే ఆపరేషన్ అయిన దాన్నే మళ్లీ పట్టుకుంటారు.

చెప్పడం ఈజీ. మాకు పిల్లులకి ఆపరేషన్ చేసే డాక్టర్ దొరికింది విజయవాడలో. రెండు గంటలకు పైగా ప్రయాణం, డైరెక్ట్ బస్సు లేదు. తెల్లవారుజామున ఊరి నుంచి చేపల వ్యాన్ వెళ్తుంది. అందులోనే బోనులు పెట్టా. ఆపరేషన్ ముందు రాత్రి నుంచి వాటికి తిండి పెట్టకూడదు, చుట్టూ ఏమో బుట్టల కొద్దీ చేపలు. ఆ అరుపులు మీరు వినాల్సింది!

ముందు డాక్టర్ దగ్గర డేట్ తీసుకుని, ఆ తర్వాతే పట్టండి. బోను తలుపు కట్టేసి వారం రోజులు అందులోనే తిండి పెడితే భయం పోతుంది. పడిన వెంటనే దుప్పటి కప్పండి, శాంతిస్తుంది. ఆడవాటిని ముందు పట్టాలి, ఎందుకంటే ఒక్క గండుపిల్లి మిగిలినా అన్నిటికీ చాలు.

ఇప్పుడు నా రెండో తప్పు. మొదటి ట్రిప్పులో ఒక తెల్లపిల్లి పొట్ట చూడకుండానే తీసుకెళ్లా. డాక్టర్ చూసి, చనుమొనల చుట్టూ బొచ్చు అరిగి ఉంది, ఇది పాలిచ్చే తల్లి, కూనలెక్కడ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆపరేషన్ లేకుండానే అదే వ్యాన్‌లో వెనక్కి తెచ్చా. వదలగానే బోర్లించిన పడవ కిందకి పరిగెత్తింది. మూడు కూనలు. ఒకటి కదల్లేదు.

అప్పటి నుంచి పొట్ట చూడకుండా బోను ఎత్తను.

ఇంకో రెండు విషయాలు. జ్వరమొచ్చిందని పిల్లికి పారాసెటమాల్ వేయొద్దు, ఒక్క బిళ్లతోనే చచ్చిపోగలదు. మిమ్మల్ని కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రికెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి.

ఐదు ట్రిప్పుల్లో పద్నాలుగింటికి ఆపరేషన్ అయ్యింది. ఖర్చు ఒక మిడ్‌రేంజ్ ఫోన్ అంత. ఆఖరి రెండు ట్రిప్పులకి బోనులు మోసింది ఎవరనుకున్నారు? గోనెసంచి మామయ్యే. ఆ తెల్లపిల్లి మాత్రం ఇంకా చిక్కలేదు. కూనలు పాలు మానేశాయి, ఎండు రొయ్యలు పెట్టినా బోను చుట్టూ తిరిగి వెళ్లిపోతోంది. ఆదివారం మళ్లీ వెళ్తున్నా, ఈసారి అమ్మమ్మ వేయించిన చేపలతో.