తాడి తన్నేవాడి తల తన్నేవాడు..

హెవీవెయిట్ బాక్సింగ్‌లో భారీ కాయం ఎంతవరకు అక్కరకొస్తుంది?

చెన్నై: మహమ్మద్ అలీ 1980లో చెన్నపట్నం వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో అతని ప్రదర్శన పోటీ చూసేందుకు జనం పోటెత్తారు. అప్పటి ముఖ్యమంత్రి ఎంజీఆర్ కూడా అలీని కలిశారు. ఉత్తర చెన్నైలో పాతతరం బాక్సింగ్ అభిమానులను కదిపితే ఆ ముచ్చట ఇప్పటికీ చెబుతారు. అయితే ఆ రోజు రింగులో అలీకి ఎదురుగా నిలిచింది ఎవరంటే చాలామందికి గుర్తు రాదు. అతని పేరు జిమ్మీ ఎల్లిస్.

ఎల్లిస్‌ది, అలీది ఒకే ఊరు. అమెరికాలోని లూయీవిల్. ఇద్దరికీ గురువు ఏంజెలో డండీయే. మిడిల్ వెయిట్‌లో మొదలుపెట్టిన ఎల్లిస్ మెల్లగా బరువు పెంచుకుంటూ పైకి వచ్చాడు. 1968లో డబ్ల్యూబీఏ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. పనితనంలో ఎవరికీ తీసిపోడు. కానీ 1971 జులైలో హ్యూస్టన్‌లో చిన్ననాటి మిత్రుడితోనే తలపడాల్సి వచ్చినప్పుడు అలీ దాదాపు 100 కిలోలు తూగాడు. ఎల్లిస్ 86 కిలోల దగ్గరే ఆగాడు. పన్నెండో రౌండులో రెఫరీ పోటీ ఆపేశాడు.

ఆ 14 కిలోలే ఎల్లిస్‌ను ఓడించాయా? లేక ఎదుట ఉన్నది అలీ కాబట్టి ఓడాడా? హెవీవెయిట్ గురించి ఎక్కడ మాట్లాడుకున్నా చివరికి తేలేది ఈ ప్రశ్న దగ్గరే. మిగతా విభాగాలన్నింటికీ పైన ఒక గీత ఉంటుంది. అది దాటితే తూకం దగ్గరే ఆపేస్తారు. హెవీవెయిట్‌కు మాత్రం ఆ గీత లేదు. 95 కిలోల మనిషికి ఎదురుగా 125 కిలోల మనిషిని నిలబెట్టినా నిబంధన ఒప్పుకుంటుంది.

బారెడు చేయి.. బోలెడు లాభం

పెద్ద దేహంతో వచ్చే మొదటి లాభం చేతి పొడవు. రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఉండే కొలతను బాక్సింగ్‌లో రీచ్ అంటారు. ఇది ఎక్కువున్నవాడు దూరంగా నిలబడి ఎడమ చేత్తో పొడుస్తూనే ఉండొచ్చు. పొట్టివాడు తన దెబ్బ తగలాలంటే ముందు ఆ దెబ్బల వానలోంచి నడిచి రావాలి.

మైక్ టైసన్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలే. 1986లో ఇరవై ఏళ్లకే ప్రపంచ చాంపియనై, తనకన్నా పొడుగైన వాళ్లను వరసపెట్టి పడగొట్టాడు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ ఎదురయ్యాడు. డగ్లస్ రీచ్ టైసన్ కంటే అడుగు ఎక్కువ. ఆ అడుగును చివరిదాకా వాడుకున్నాడు. పదో రౌండులో టైసన్ నేలకరిచాడు. 2002లో మెంఫిస్‌లో 6 అడుగుల 5 అంగుళాల లెనాక్స్ లూయిస్ కూడా అదే పని చేశాడు. ఎనిమిదో రౌండులో కథ ముగిసింది.

రెండో లాభం బరువు. బరువైన వాడి పంచ్ వెనక ఎక్కువ దేహం ఉంటుంది. మెడ లావుగా, బలంగా ఉంటే దెబ్బ తగిలినా తల అంత విసురుగా తిరగదు. మెదడుకు కుదుపు కొంత తగ్గుతుంది. దగ్గరికి వచ్చినవాణ్ని చేతులతో చుట్టేసి పైన వాలిపోవడం మరో ఎత్తు. పాతిక కిలోలు అదనంగా ఉన్నవాడు రౌండుకు నాలుగైదు సార్లు అలా మీద పడితే కింద ఉన్నవాడి కాళ్లు తొందరగా సడలుతాయి.

టైసన్ ఫ్యూరీ, డియాంటే వైల్డర్ పోటీల్లో ఇది కళ్లకు కట్టింది. 2018లో తొలిసారి తలపడితే డ్రా అయింది. 2020 ఫిబ్రవరిలో లాస్ వెగాస్‌లో మళ్లీ కలిసేనాటికి ఫ్యూరీ సుమారు 124 కిలోలకు పెరిగాడు. వైల్డర్ 105 కిలోలు. ఈసారి ఫ్యూరీ వెనక్కి తగ్గలేదు. ముందుకు తోస్తూ, మీద వాలుతూ నలిపేశాడు. ఏడో రౌండులో వైల్డర్ పక్షం వాళ్లు తువ్వాలు విసిరారు.

ఒళ్లు పెరిగితే ఊపిరికి భారం

పెద్ద దేహం ఊరికే పనిచేయదు. మనిషి అన్ని వైపులా సమానంగా పెరిగితే బరువు పెరిగినంతగా కండబలం పెరగదు. ఆ బరువును రౌండుకు మూడేసి నిమిషాల చొప్పున పన్నెండు రౌండులు మోయాలి. అందుకు ఊపిరి కావాలి. ఒంట్లో పుట్టే వేడి కూడా తొందరగా బయటికి పోదు. పైగా పొడుగువాడి పక్కటెముకలు పొట్టివాడి చేతులకు సరిగ్గా అందే ఎత్తులో ఉంటాయి. కిందికి వంగి లోపలికి దూరితే ఆ పొడుగు చేతులే అడ్డమవుతాయి.

1919 జులై 4న టొలెడోలో జెస్ విల్లార్డ్ ఇలాగే చిక్కాడు. అతను ఆరున్నర అడుగుల పైచిలుకు మనిషి, 111 కిలోలు. ఎదురుగా 85 కిలోల జాక్ డెంప్సీ. మొదటి రౌండులోనే విల్లార్డ్ ఏడుసార్లు పడ్డాడు. మూడో రౌండు తర్వాత లేవలేదు. అప్పటికి విల్లార్డ్‌కు 37 ఏళ్లు నిండాయన్నది కూడా చెప్పుకోవాలి.

ఇటలీ బాహుబలి ప్రైమో కార్నెరాకు 1934లో రెండు అనుభవాలూ ఎదురయ్యాయి. మార్చిలో తనకన్నా దాదాపు 39 కిలోలు తక్కువున్న టామీ లోరన్‌పై పాయింట్లతో గెలిచాడు. లోరన్ అప్పటికే పేరుమోసిన నేర్పరి. అయినా ఆ బరువును దాటలేకపోయాడు. నాలుగు నెలలు తిరక్కుండానే 95 కిలోల మాక్స్ బేర్ చేతిలో కార్నెరా పదకొండుసార్లు కిందపడి టైటిల్ పోగొట్టుకున్నాడు. లోరన్‌కు నేర్పు ఉంది గానీ పడగొట్టే దెబ్బ లేదు. బేర్‌కు ఆ దెబ్బ ఉంది. చిన్నవాడు గెలవాలంటే పెద్దవాణ్ని నిలువరించగల ఆయుధం ఒకటైనా చేతిలో ఉండాలని ఈ రెండు పోటీలూ చెబుతాయి.

2009 నవంబరులో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో డేవిడ్ హే ఆయుధం కాళ్లే. ఏడడుగుల నికొలాయ్ వాలుయెవ్‌కు, అతనికి మధ్య తేడా ఏకంగా 45 కిలోలు. హే కొట్టడం, జరగడం తప్ప మరో పని పెట్టుకోలేదు. వాలుయెవ్ పిడికిళ్లు చాలామటుకు గాలినే కొట్టాయి. న్యాయనిర్ణేతల మొగ్గు హే వైపే పడింది.

ముగ్గురి మధ్య తిరిగే లెక్క

కొలతలతోనే ఫలితం తేలేట్లయితే 1970ల నాటి ఈ లెక్క అస్సలు కుదరదు. 1971 మార్చిలో పొట్టివాడైన జో ఫ్రేజియర్, పొడుగైన అలీని పదిహేను రౌండుల పోరులో ఓడించాడు. 1973లో జమైకాలో ఆ ఫ్రేజియర్‌ను జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండుల్లో ఆరుసార్లు పడగొట్టాడు. 1974 అక్టోబరులో కిన్షాసాలో ఆ ఫోర్‌మన్‌ను అలీ ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. ఫ్రేజియర్, ఫోర్‌మన్ తూకంలో రెండు కిలోల తేడా కూడా లేదు. ఫ్రేజియర్ తల వంచి ముందుకే వస్తాడు. ఫోర్‌మన్ పొడుగు చేతుల అప్పర్‌కట్‌కు అది చేతికందిన కాయ అయింది. అలీ తాళ్లకు ఆనుకుని కాచుకున్నాడు. ఫోర్‌మన్ కొట్టి కొట్టి అలసిపోయాడు.

పెద్దవాళ్లపై పెద్దవాళ్లకు ఆ లాభం ఉండదు కూడా. 6 అడుగుల 6 అంగుళాల వ్లదిమిర్ క్లిచ్‌కో 2006 నుంచి దాదాపు పదేళ్లు దూరం నుంచే కొడుతూ టైటిల్ నిలుపుకొన్నాడు. 2015 నవంబరులో 6 అడుగుల 9 అంగుళాల ఫ్యూరీ ఎదురుపడ్డాడు. క్లిచ్‌కో ఎడమ చేయి చేరాల్సిన చోటికి చేరలేదు. తాడి తన్నేవాడికి తల తన్నేవాడు దొరికాడు.

ఆ ఫ్యూరీకి ఉక్రెయిన్‌కు చెందిన ఒలెక్సాండర్ ఉసిక్ దొరికాడు. ఉసిక్ 91 కిలోల విభాగంలో 2012 ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు. ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. 2024 మేలో రియాద్‌లో 101 కిలోల ఉసిక్, 119 కిలోల ఫ్యూరీని తొమ్మిదో రౌండులో లెక్క పెట్టించే దాకా తెచ్చి గెలిచాడు. డిసెంబరు పోటీకి ఫ్యూరీ 127 కిలోలతో వచ్చాడు. తేడా పాతిక కిలోలకు పెరిగినా మళ్లీ ఉసిక్‌దే గెలుపు. అతని అడుగు ఎప్పుడూ ఒకచోట ఆగదు. పైగా ఎడమచేతి వాటం.

ఇవన్నీ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ‘నేర్పు సమానమైతే పెద్దవాడిదే గెలుపు’ అనే బాక్సింగ్ పాత మాట నిజమే. కాకపోతే నేర్పు సమానంగా ఉండటమే అరుదు. సుమారు నూరు కిలోలు, 6 అడుగుల 3 అంగుళాల వరకు ఎదిగిన వాడు కాళ్లతో, కాలంతో మిగతా తేడా పూడ్చుకోగలడు. అలీ, హే, ఉసిక్ ముగ్గురూ ఆ కొలత వాళ్లే. ఎల్లిస్‌లా 86 కిలోల దగ్గర ఉన్నవాడికి నేర్పు ఒక్కటే చాలదు.

గీతలు గీసింది అందుకే

ఆ సంగతి నిర్వాహకులకూ తెలిసొచ్చింది. 1979లో డబ్ల్యూబీసీ క్రూయిజర్ వెయిట్ విభాగం పెట్టింది. దాని హద్దు ఇప్పుడు 90.7 కిలోలు. ఆ లెక్కన డెంప్సీ, ఎల్లిస్, 49 పోటీల్లో ఓటమి ఎరుగని రాకీ మార్సియానో ఈ కాలంలో హెవీవెయిట్‌లే కారు. 2020లో అదే సంస్థ మరో మెట్టు కట్టి 101.6 కిలోల దాకా బ్రిడ్జర్‌వెయిట్ అంది. ఒలింపిక్స్‌లో 1980 వరకు 81 కిలోలు దాటిన వాళ్లంతా ఒకే గుంపు. 1984 నుంచి 91 దాటినవారిని సూపర్ హెవీగా విడదీశారు.

ఆ విభాగంలో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారతీయుడు సతీశ్ కుమార్. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో తొలి పోటీ గెలిచాడు గానీ ముఖానికి గాయాలై 13 కుట్లు పడ్డాయి. ఆ కుట్లతోనే క్వార్టర్ ఫైనల్లో రెండు మీటర్ల ఎత్తున్న ఉజ్బెకిస్థాన్ బాక్సర్ బఖోదిర్ జలొలొవ్‌కు ఎదురు నిలిచి 0-5తో ఓడాడు. జలొలొవ్ ఆ ఏడాది, మళ్లీ 2024 పారిస్‌లో స్వర్ణం గెలిచాడు.

మన పేటల్లో..

ఉత్తర చెన్నైకి ముష్టియుద్ధం కొత్త కాదు. సార్పట్టా, ఇడియప్ప పరంపరల పేర్లు రాయపురం, కాశిమేడు వైపు పెద్దలందరికీ తెలుసు. 2021లో వచ్చిన పా.రంజిత్ సినిమా ‘సార్పట్టా పరంబరై’తో కొత్తతరానికీ తెలిశాయి. ఆ సినిమాలో డ్యాన్సింగ్ రోజ్ పాత్రకు అంత పేరొచ్చింది కాళ్ల విన్యాసంతోనే గానీ కండలతో కాదు.

చెన్నై నుంచి ఎదిగి 1994 బ్యాంకాక్ ప్రపంచకప్‌లో కాంస్యం తెచ్చిన వి.దేవరాజన్‌ది బ్యాంటమ్ వెయిట్. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోలు, 2023లో 50 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. అదే ఊరి హుస్సాముద్దీన్ 57 కిలోల్లో 2022 కామన్వెల్త్ కాంస్యం గెలిచాడు. మనవాళ్ల పతకాలు ఎక్కువగా తేలిక విభాగాల్లోనే వచ్చాయి. అక్కడ తూకం యంత్రం కాపాడుతుంది. ఎదురుగా ఉండేవాడు తనంతవాడే.

పోటీలో కాపాడే ఈ తూకం సాధనలో కనిపించకపోతేనే చిక్కు. పిల్లవాణ్ని బాక్సింగ్‌లో చేర్చే తల్లిదండ్రులు కోచ్‌ను ముందుగా అడగాల్సింది ఇదే.. సాధన పోరులో మావాడికి జతగా ఎవర్ని దింపుతారు, వాళ్ల బరువెంత, అనుభవమెంత అని. పోటీలో ఒక్కరోజు తగిలే దెబ్బల కన్నా రోజూ సాధనలో తగిలేవే ఎక్కువ. పదిహేను కిలోల తేడాతో ప్రపంచ చాంపియన్లే తట్టుకోలేకపోయిన చోట పద్నాలుగేళ్ల పిల్లాడి తల తట్టుకుంటుందనుకోవడం పొరపాటు. ఒళ్లు ఇంకా ఎదగాల్సిన వయసులో బరువు పెంచే పొడుల వెంట పడటం కంటే కాళ్లు కదపడం, తల తప్పించడం నేర్చుకుంటే మేలు. తర్వాత ఏ విభాగానికి ఎదిగినా ఆ విద్య వెంట వస్తుంది.