ఫ్యూయల్ సెల్‌కు పరీక్ష: ఇళ్లలో, రోడ్ల మీద తేలిన లెక్కలు

ఫ్యూయల్ సెల్‌లో మంట ఉండదు. ఒకవైపు నుంచి హైడ్రోజన్, మరోవైపు నుంచి గాలిలోని ఆక్సిజన్ అందితే కరెంటు, వేడి, నీరు వస్తాయి. ఈ సూత్రం 1839లోనే తెలుసు. అయితే ఈ యంత్రం ఇంట్లోనూ బస్సులోనూ ఎన్నేళ్లు నిలుస్తుంది, ఎంత ఇంధనం తాగుతుంది, ఎంత ఖర్చు పెట్టిస్తుంది అన్నవి వాడి చూస్తే తప్ప తెలియవు. ప్రయోగాత్మక ప్రాజెక్టులు నడిపేది అందుకే.

ఇప్పుడు ఆ వంతు మనకూ వచ్చింది. జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కింద 2025 మార్చిలో కేంద్రం 5 పైలట్ ప్రాజెక్టులను మంజూరు చేసింది. 10 మార్గాల్లో 37 బస్సులు, ట్రక్కులు, 9 హైడ్రోజన్ స్టేషన్లు, సుమారు రూ.208 కోట్ల సాయం. వాహనాల్లో 15 ఫ్యూయల్ సెల్‌తో నడుస్తాయి, 22 హైడ్రోజన్‌ను ఇంజిన్‌లోనే మండిస్తాయి. మార్గాల్లో విశాఖపట్నం–బయ్యవరం కూడా ఉంది. మనకంటే ముందు ఈ పరీక్ష రాసినవారి మార్కులు చూద్దాం.

3,307 ఇళ్లు

2005 నుంచి 2008 వరకు జపాన్ 3,307 ఇళ్లలో ఒక కిలోవాట్ తరగతి ఫ్యూయల్ సెల్ యంత్రాలు పెట్టి చూసింది. హైడ్రోజన్ కోసం కొత్త పైపులు వేయలేదు. ఇంటికి వచ్చే గ్యాస్ నుంచే యంత్రం దాన్ని తీసుకుంటుంది. కరెంటు ఇంటి అవసరాలకు, వేడి స్నానాల నీళ్లకు. రెండూ కలిపితే ఇంధనంలోని శక్తిలో చాలా భాగం అక్కరకొస్తుంది. దూరాన ఉన్న విద్యుత్ కేంద్రంలో వృథాగా పోయే వేడి ఇక్కడ ఇంటివారికే దక్కుతుంది.

2009లో ‘ఎనె-ఫార్మ్’ పేరుతో అమ్మకాలు మొదలైనప్పుడు ధర 30 లక్షల యెన్‌లకు పైనే. ప్రభుత్వ సబ్సిడీతో, అమ్మకాలు పెరిగేకొద్దీ ధర దిగివచ్చింది. అయినా 2020 నాటికి 14 లక్షల ఇళ్లన్న లక్ష్యం నెరవేరలేదు. 5 లక్షలు దాటడానికే 2023 వరకు పట్టింది. యంత్రం నెగ్గింది కానీ, ధర దాన్ని వెనక్కి లాగింది.

183 కార్లు

అమెరికా ఇంధన శాఖ 2011 వరకు ఏడేళ్ల పాటు నడిపిన పరీక్షలో 183 వాహనాలు 25 స్టేషన్లలో ఇంధనం నింపుకుని దాదాపు 58 లక్షల కిలోమీటర్లు తిరిగాయి. సెల్ 2,000 గంటలు పనిచేయాలన్నది లక్ష్యం. పరీక్షలో పాల్గొన్న కంపెనీల జట్లలో అన్నిటికన్నా మెరుగైనదాని అంచనా 2,521 గంటలు. ఒకసారి నింపితే 400 కిలోమీటర్లు వెళ్లాలన్న లక్ష్యమూ అందింది.

తప్పింది ఒక్కటే, హైడ్రోజన్ ధర. కిలో 3 డాలర్లకు రావాలనుకుంటే, స్టేషన్లోనే సహజవాయువు నుంచి తీసినా 7.70 నుంచి 10.30 డాలర్లు అవుతుందని తేలింది. నీటి నుంచి తీస్తే ఇంకా ఎక్కువ.

27 బస్సులు

2003లో మొదలుపెట్టి ఐరోపాలోని 9 నగరాలు తలా మూడు ఫ్యూయల్ సెల్ బస్సులు నడిపాయి. 100 కిలోమీటర్లకు 20 కిలోల పైచిలుకు హైడ్రోజన్ ఖర్చయింది. ఆ బస్సుల్లో బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని పట్టి ఉంచే బ్యాటరీ లేదు. అది చేర్చి, సెల్‌నూ మెరుగుపరిచిన తర్వాతి తరం బస్సులకు దాదాపు 9 కిలోలు సరిపోయింది. తొలి విడత లెక్కలు దాచకుండా చెప్పారు కాబట్టే తేడా ఎంతో తెలిసింది.

సింహాద్రి: 240, 50

విశాఖ దగ్గర ఎన్‌టీపీసీ సింహాద్రి అతిథి గృహం కోసం 2021 డిసెంబరులో ఒక మైక్రోగ్రిడ్ ప్రాజెక్టు ప్రకటించారు. పగలు నీటిపై తేలే సౌర ఫలకాల కరెంటుతో 240 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్ హైడ్రోజన్ తీస్తుంది. సాయంత్రం 5 నుంచి ఉదయం 7 వరకు 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ దాన్ని కరెంటుగా మారుస్తుంది.

అంత పెద్ద యంత్రానికి ఇంత చిన్న జోడీ ఎందుకు? కిలో హైడ్రోజన్ తీయడానికి మామూలుగా 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. ఆ కిలోలో ఉండే శక్తి సుమారు 33 యూనిట్లు. సెల్ అందులో సగం, అంటే దాదాపు 17 యూనిట్లు వెనక్కిస్తుంది. పెట్టినదాంట్లో మూడో వంతే మిగిలిందన్నమాట. 240 కిలోవాట్లు 8 గంటలు నడిస్తే 1,920 యూనిట్లు. మూడో వంతు 640. దాన్ని 14 గంటలకు పంచితే గంటకు దాదాపు 46 యూనిట్ల చొప్పున వస్తుంది. 50 కిలోవాట్ల సెల్ అందుకే సరిపోతుంది. బ్యాటరీ ఇంతకంటే చాలా ఎక్కువ తిరిగిస్తుంది. కాబట్టి హైడ్రోజన్‌ను బ్యాటరీ చాలని చోటే వాడాలి: దూరం వెళ్లే బరువైన ట్రక్కుల్లో, రోజుల తరబడి నిల్వ కావలసిన చోట్ల.

మనం అడగాల్సినవి

విశాఖ మార్గంలోని వాహనాలు రోడ్డెక్కాక నాలుగు అంకెలు జనం ముందుకు రావాలి. సెల్ ఎన్ని గంటలు పనిచేసింది? 100 కిలోమీటర్లకు ఎన్ని కిలోలు తాగింది? కిలో ధర ఎంత పడింది? స్టేషన్ ఎన్ని రోజులు మూతపడింది? కంపెనీల రహస్యాలు బయటపడతాయన్న అభ్యంతరానికి అమెరికా ఎప్పుడో దారి చూపింది. కంపెనీల వివరాలను అక్కడి జాతీయ ప్రయోగశాల గోప్యంగా తీసుకుని, అన్నిటినీ కలిపిన ఫలితాలను ప్రచురించింది. రూ.208 కోట్లు ప్రజల సొమ్ము. ఫలితం బాగున్నా బాగోకున్నా ఆ లెక్క చూసే హక్కు ప్రజలకుంది.