పోయినాఁడు – వెళ్లినాఁడు

2008 మార్చి 23వ తేదిన బేగంపేటనుండి విమానముల రాకపోకలు శంషాబాదునకు మాఱినవి. సుమారు 5,500 ఎకరముల ఈ నేలమీఁద నేఁడు తెలుఁగు మాండలికము లన్నియు నొకదాని నొకటి వినుచున్నవి. జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకుఁ బోవు కార్మికులును, గుంటూరు, కృష్ణా ప్రాంతములనుండి అమెరికాకుఁ బోవు విద్యార్థులును ఒక్క ద్వారముకడనే బంధువులకు వీడ్కోలు చెప్పుదురు.

"అన్న పోయిండు" అని జగిత్యాలవాఁడు ఫోనులో ఇంటికిఁ దెలుపుననుకొందము. ప్రక్కనున్న గుంటూరువాఁ డులికిపడును. అతని ప్రాంతమున "ఆయన పోయారు" అన్నచో నది మరణవార్త. ప్రయాణమైనవానిని "వెళ్లాడు" అనవలయును. ఎదుటివానిని "పో" అనుట తఱిమివేయుటయే. జగిత్యాలవానికో, పోవుట పోవుటయే. చావును చెప్పవలసివచ్చినపుడు "కాలం చేసిండు" అనియో, "సచ్చిపోయిండు" అనియో వేఱుగాఁ జెప్పును. ఇందులో నెవ్వని చెవియుఁ దప్పు వినలేదు. ధ్వని యొక్కటే, దానివెంట లేచిన తలఁపులు రెండు.

ప్రాచీనవాఙ్మయము నడిగినచోఁ దీర్పు కోస్తావాని కనుకూలముగా రాదు. కావ్యములలో రాజులు వేటకుఁ బోవుదురు, వధువులు అత్తవారింటికిఁ బోవుదురు. ఎచ్చటను అమంగళము లేదు. "వెళ్లు" అనునది "వెడలు"నకుఁ జుట్టము. వెలికిఁ జనుట దాని మొదటి యర్థము. చావును నేరుగాఁ బలుక జంకి కోస్తావారు "పోవు"టను దాని కొప్పగింపఁగా, ప్రయాణమునకు "వెళ్లు"ట మిగిలినదని తలఁపవచ్చును. క్రియాంతమును జూచినను అంతే. "పోయినవాండు" అనుదానిలోని అనునాసికమును కోస్తా అరసున్నగాఁ బలుచఁజేసి, పిదప దానినిగూడ విడిచి "పోయాడు" అన్నది. తెలంగాణము "పోయిండు" అని అనునాసికమును నిండుగా నిలుపుకొన్నది. "రాముఁడు, రాముండు" అను రెండు రూపములను బాలురచే వల్లెవేయించిన పండితులే "పోయిండు" అనుదానిని మోటుమాట యనుట వింత! "పైలంగ పోయిరా" అను వీడ్కోలులోని పైలమును పదిలమే కాని వేఱుకాదు.

ఇట్టి భ్రమకు మన దర్శనములలో నొక చక్కని వివరణ కలదు. ముత్యపుఁజిప్పను జూచి వెండి యనుకొనువాని విషయమున, వాఁడొక వస్తువును మఱొక వస్తువుగా గ్రహించెనని నైయాయికులందురు. ప్రాభాకరమీమాంసకులు అట్లొప్పుకొనరు. వారి మతమున "ఇది" యనుట ప్రత్యక్షము; "వెండి" యనుట స్మరణము; రెండును నిజములే. ఆ రెంటికిఁ గల భేదము తోఁపకపోవుటయే భ్రమ. దీనినే అఖ్యాతి యందురు. మనుష్యులు ఒండొరులను దెలిసికొను తీరునకు ఈ రెండవ మతమే మిక్కిలి సరిపడును. గుంటూరువాఁడు విన్నది "పోయిండు" అను ధ్వని. అమంగళము, మోటుఁదనము అతని జ్ఞాపకమునుండి వచ్చినవి. ఆ రెంటిని విడఁదీయనందున, తన స్మృతినే ఎదుటివాని గుణమనుకొనుచున్నాఁడు. జగిత్యాలవాఁడును దీనికిఁ దప్పించుకొన్నవాఁడు కాఁడు. మాటమాటకు "అండీ" యని వినఁబడఁగా నది పైపై మర్యాద యనియు, లోన దూరమున్నదనియు నతనికిఁ దోఁచును. ఆ దూరము "అండీ"లో లేదు.

ఇది పదచర్చతోఁ దీఱు విషయమైన బాగుండెడిది. బడిలో "పోయిండు" అని వ్రాసి సహాధ్యాయుల నవ్వునకు గుఱియైన బాలుఁడు ఆ నవ్వును మఱవఁడు. 1952లో స్థానికేతర ఉపాధ్యాయుల నియామకములపై వరంగల్లులో మొదలై హైదరాబాదునకు వ్యాపించిన ముల్కీ యుద్యమమునకు ఉద్యోగములే ప్రధానకారణము. భాషను మూలమనుట అతిశయోక్తి. అయినను తరువాతి తెలంగాణోద్యమములలో, మా పలుకును వెక్కిరించిరి యను బాధ ఉద్యోగముల లెక్కలతోపాటు వినఁబడుచునే వచ్చినది.

పేరుల విషయమును ఇట్టిదే. శంషాబాదు పేరు పైగా వంశీయుల "షమ్సుల్ ఉమరా" బిరుదముతో ముడివడినది. షమ్స్ అనఁగా అరబ్బీలో సూర్యుఁడు. ఉర్దూ నెఱిఁగినవానికి ఆ పేరున సూర్యుఁడు కనఁబడును. ఎఱుఁగని రైతునకు తన యూరే కనఁబడును. చేరువనున్న గగన్‌పహాడ్ పేరు విని, విమానములు వచ్చినపిదప పెట్టినదని క్రొత్తవాఁడు భ్రమించును. అది విమానాశ్రయమునకుఁ జాల ముందటిది. ఇవి నవ్వుకొని విడువఁదగినవి. 2014 నవంబరులో దేశీయవిభాగమునకు నందమూరి తారక రామారావు పేరును కేంద్రప్రభుత్వము పెట్టినపు డట్లు కాలేదు. బేగంపేటలో దేశీయవిభాగమునకుఁ బూర్వ మాపేరే యుండెను గావునఁ గొందఱికది పునరుద్ధరణముగాఁ దోఁచినది. అదే సంవత్సరము జూన్ 2వ తేదిన నేర్పడిన తెలంగాణరాష్ట్రమునఁ బలువురకు, తమ్మడుగక తమ వాకిటఁ గట్టిన పలకగాఁ దోఁచినది. శాసనసభ దానిని వ్యతిరేకించుచుఁ దీర్మానించినది. తెలుఁగువారి ఆత్మగౌరవమను మాటతోఁ బేరొందిన వ్యక్తి పేరే యొక తెలుఁగు శాసనసభకు ఆత్మగౌరవభంగముగాఁ గనఁబడెను.

ఇట్టి చోట వాదము కొంతవఱకే పనిచేయును. స్మృతియే కొఱవడినవానికిఁ జూపవలసినది వస్తువు. నిజాము రాష్ట్రమునఁ దెలుఁగు కవులు "పూజ్య"మని యొక పండితుఁ డనెనని ప్రసిద్ధి. ఆ మాటకు సున్న యనియు, పూజింపఁదగినది యనియు రెండర్థములు; అన్నవాని తలఁపు మొదటిదే. గోలకొండ పత్రికాసంపాదకుఁడు సురవరము ప్రతాపరెడ్డి దానికి వ్యాకరణమున బదులు చెప్పలేదు. ఊరూరినుండి పద్యములను దెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించెను.