తాజా ఆహారము – నిత్యారోగ్యము

యమునా, హిండన్ నదుల నడుమ వెలసిన నోయిడా నగరమునకు 1976వ సంవత్సరమున పునాది పడినది. ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబములు నేడచ్చట పెక్కు కలవు. స్వస్థలమునుండి వచ్చిన ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, అప్పడములు వారి వంటయిండ్లలో సిద్ధముగ నుండును. పుట్టింటి రుచిపై మమకార ముండుట సహజము. కాని తెల్లని అన్నమును పచ్చడితోడను, పొడితోడను మాత్రమే నిత్యము భుజించినచో కడుపు నిండునే గాని దేహమునకు వలయు పోషణ లభింపదు.

తెలుగునాడు నేర్చిన పాఠము

ఈ సత్యమును తెలుగువారు పూర్వమే అనుభవించిరి. ఉత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడు బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. కాళ్లు తిమ్మిరెక్కుట, వాపు, తుదకు గుండె బలహీనపడుట దాని లక్షణములు. మరలలో మిక్కిలి తెల్లగా చేసిన బియ్యమునుండి తవుడుతోపాటు థయమిన్ అను 'బి' విటమిను తొలగిపోవుటయే దానికి మూలము. 1918లో కూనూరునందు డాక్టరు రాబర్టు మెక్కారిసన్ ఒక్క గదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధనశాఖయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది.

బెరిబెరి నేడు అరుదు. కాని పోషణలోపము తొలగలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. ఇనుము చాలని ఆహారము దాని ముఖ్య కారణములలో నొకటి.

దినమునకు ఎంత?

ఆ సంస్థ 2024లో వెలువరించిన సూత్రముల ననుసరించి, దినమునకు 2,000 కిలోకాలరీలు వలయు వారికి ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజపప్పులు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు తగియుండును. కూరగాయల పాలు ధాన్యమునకంటె హెచ్చుగా నుండుట గమనింపదగినది. సాధారణముగా మన విస్తరిలో ఈ క్రమము తారుమారై యుండును.

అంగడిలో ఎన్నిక

ఏ ఋతువున పండినది ఆ ఋతువున కొనుట మేలు. అది తాజాగను, చౌకగను దొరకును. శీతకాలమున నోయిడా వారపు సంతలలో పాలకూర, మెంతికూర, ఆవాకు, హిందీవారు బథువా యని పిలుచు ఆకుకూర, ఎఱ్ఱని క్యారెట్టు, ముల్లంగి, పచ్చిబఠాణీ, జామపండ్లు రాసులుగా వచ్చును. వేసవిలో ఆనప, బీర, బెండ, దోసకాయలు లభించును. గోంగూర దొరకలేదని చింతింప నక్కరలేదు. బథువా, మెంతికూరలును పప్పులో చక్కగా ఇమిడిపోవును. ఒక పూట అన్నమునకు మారుగా పొట్టుతీయని గోధుమపిండి రొట్టెయో, సజ్జరొట్టెయో తినుట మంచిది.

వంటయింట జాగ్రత్తలు

కూరలను ముందు కడిగి, పిమ్మట తరుగవలెను. తరిగి కడిగినచో విటమినులు నీటిలో కరిగిపోవును. బియ్యమును పలుమారులు కడుగుట, గంజి వార్చి పారబోయుట మానవలెను. ఆకుకూర పప్పు దించిన తరువాత నిమ్మరసము పిండినచో అందలి ఇనుము దేహమునకు బాగుగ పట్టును. భోజనము చేసిన వెంటనే టీ త్రాగుట దానికి అడ్డగును.

ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు. పచ్చళ్లు, అప్పడములు, పొట్లముల చిరుతిండ్లు ఈ పరిమితిని తెలియకుండనే దాటించును. పొట్లముపై దినుసులను బరువు ననుసరించి, ఎక్కువ యున్నదానిని ముందుగా ముద్రింతురు. చక్కెరయో, నూనెయో, మైదాయో మొదట కనబడినచో ఆ పదార్థము నిత్యభోజనమునకు తగదని ఎఱుగవలెను. మధుమేహము, మూత్రపిండ వ్యాధులు గలవారు మాత్రము తమ వైద్యుని సలహాపై ఆహారమును నిర్ణయించుకొనవలెను.

పచ్చడిని పూర్తిగా విడువవలెనని ఎవరును కోరరు. అది విస్తరి అంచున నుండుగాక. ఆకుకూరయు, పప్పును, పెరుగును విస్తరి మధ్యకు వచ్చుగాక. సంచి చేతబట్టి సంతకు పోవు గృహిణియు, గృహస్థుడును ఇంటిల్లిపాది ఆరోగ్యమును ఆ సంచిలోనే తెచ్చుచున్నారని మరువరాదు.