చక్రాల మీద ఇల్లు

పిల్లలూ, చందుర్తిలో మీ తాతలను అడిగి చూడండి, పూర్వం శివరాత్రికి వేములవాడ జాతరకు ఎలా వెళ్ళేవారో! ఎడ్లబండికి గూడు కట్టి, అడుగున గడ్డి పరిచి, బియ్యమూ కుండలూ అందులోనే సర్దేవారు. పగలు ప్రయాణం, రాత్రి అందులోనే పడక. కలిగినవారికి కచ్చురం ఉండేది.

అమెరికాలో ఈ పని లారీ చేస్తుంది. చిన్న లారీ వెనుక సరుకు వేసే చోట, మంచమూ పొయ్యీ అలమారా ఉన్న గదిని ఎత్తి పెడతారు. దాని పేరు ట్రక్ క్యాంపర్. అక్కరలేనప్పుడు గదిని దించి లారీని వేరే పనికి వాడుకోవచ్చును. 1960లో జాన్ స్టైన్‌బెక్ అనే రచయిత ఇటువంటి బండిలో, చార్లీ అనే కుక్కను వెంటబెట్టుకుని తన దేశమంతా తిరిగాడు. బండికి రోసినాంటె అని ఒక కథలోని గుర్రం పేరు పెట్టాడు. అది ఇప్పుడు కాలిఫోర్నియాలోని సాలినాస్ పట్టణంలో, ఆయన పేరిట ఉన్న ప్రదర్శనశాలలో ఉన్నది.

కొత్త క్యాంపర్ చాలా ఖరీదు. అందుచేత కొందరు యాభై, అరవై ఏళ్ళనాటి పాతదాన్ని చవకగా కొని బాగుచేసుకుంటారు. రంగు చూసి మురిసిపోయారో, డబ్బు నీళ్ళపాలే! ఎందుకంటే ఆ పాత గదులలో చాలావాటికి పైన అల్యూమినియం రేకు, లోపల కొయ్య చట్రం. కప్పు అతుకుల నుంచీ, కిటికీ మూలల నుంచీ వాన నీరు లోపలికి దిగుతుంది. తడిసిన కొయ్యను బూజుజాతి శిలీంధ్రాలు తినేస్తాయి. రేకు తళతళలాడుతూనే ఉంటుంది, లోపలి కొయ్య మాత్రం బొటనవేలితో నొక్కితే రొట్టెలా దిగిపోతుంది. కనుక కొనేవారు మూలలూ, పరుపు కిందా నొక్కి చూడాలి, ముక్కవాసన వస్తుందేమో చూడాలి.

కొన్నాక మొదటి ఖర్చు కప్పుకే. కారడం ఆపకుండా కొత్త కొయ్య వేస్తే అదీ కుళ్ళుతుంది. తరువాత పాత గ్యాసు గొట్టం మార్చి, అతుకులకు సబ్బునీళ్ళు రాయాలి. బుడగలు లేస్తే గ్యాసు కారుతున్నట్టు. అగ్గిపుల్ల గీసి చూడటం ప్రాణాపాయం! రంగు అన్నిటికంటే ఆఖరున. పరదాలంటారా, సిరిసిల్ల బట్టతో ఇంట్లోనే కుట్టుకోవచ్చును.

ఇక బరువు సంగతి. ఎడ్లబండికి వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేచి, మెడతాళ్ళు ఎడ్ల గొంతుకు ఒరుసుకుంటాయి. అందుకే బండి తోలేవాడు బస్తాలను ఇరుసుకు అటూ ఇటూ సర్దుతాడు. లారీకీ అంతే. గది బరువంతా వెనుక ఇరుసును దాటి పోతే ముందు చక్రాలు తేలికైపోతాయి. అప్పుడు డ్రైవరు స్టీరింగు తిప్పినా బండి సరిగా మాట వినదు. వంద లీటర్ల నీళ్ళ తొట్టి ఒక్కటే వంద కిలోలు. తడిసిన కొయ్య బరువు దానికి అదనం. అందుకని పాత కాగితాలలోని లెక్కను నమ్మక, సామానుతో సహా లారీలు తూచే కాటా మీద పెట్టి చూడాలి.

మన దేశంలో లారీకి ఇటువంటి మార్పు చేయాలంటే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ముందుగా రవాణా అధికారి అనుమతి పొందాలి. కచ్చురానికి ఆ బాధ లేదు. మీ ఊళ్ళో ఎవరి దొడ్లోనైనా పాతది పడి ఉంటే, పెద్దలను అడిగి, దాని గూడు మూలలను ఒకసారి బొటనవేలితో నొక్కి చూడండి.