పాత బండలకు అడుగుల లెక్క రాస్తేనే గిరాకీ

మార్కాపురం: పాత ఇల్లు కూల్చినపుడు తలుపులు, దూలాలకు విడివిడిగా బేరాలు నడుస్తాయి. నేల బండలు మాత్రం లారీ లెక్కన, ఒక్కొక్కప్పుడు కంకర ధరకే పోతాయి. హరిత భవనాల కొలతలో ఈ వరుస తిరగబడుతుంది.

అమెరికా ప్రమాణమైన 'లీడ్' ఇక్కడివారికి కొత్తదేమీ కాదు. హైదరాబాదులోని సొరాబ్జీ గోద్రెజ్ కేంద్రం 2003లోనే దాని కింద ప్లాటినం స్థాయి పొందింది. 2009 కూర్పు ప్రకారం, పూర్తయిన కట్టడం లోపలి భాగంలో కనీసం సగం విస్తీర్ణం ఆ కట్టడంలోని పాత గోడలు, తలుపులు, నేల, సీలింగులే అయి ఉండాలి. గదుల మధ్య గోడకు రెండు ముఖాలూ లెక్కే. తలుపుకు ఒకే ముఖం. అంటే 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు గల టేకు తలుపు, ఎంత నగిషీ ఉన్నా, 21 చదరపు అడుగులే. ఆరు బండలు (రెండడుగుల చదరానివి) 24 అడుగులవుతాయి! తలుపు తలుపుగానే ఉండాలి; బల్లగా మారిస్తే వేరే ఖాతా.

బయట కొన్న పాత సరుకుకు ఆ కూర్పులో ఖరీదు లెక్క ఉండేది. మొత్తం సామగ్రి విలువలో 5 శాతం చూపాలి. 2013 నాటి నాలుగవ కూర్పులో, కార్యాలయాలు, దుకాణాల లోపలి పనులకు విస్తీర్ణంలో సగం చూపితే చాలు, సరుకు బయటిదైనా సరే. పాత సరుకు వర్తకులకు అసలు అవకాశం ఇక్కడే. 2025లో అయిదవ కూర్పు వచ్చింది గనుక, కొనుగోలుదారు పని ఏ కూర్పు కింద నమోదైందో బేరానికి ముందే అడగడం మేలు.

తరుగు చూసుకోవాలి. పలకరాయి పొరలుగా చీలే సరుకు. సున్నంలో పరచిన బండ సులువుగా ఊడివస్తుంది, సిమెంటులోది విరుగుతుంది. రెండడుగుల చదరపు బండలు 250 ఉంటే వెయ్యి చదరపు అడుగులు; అయిదో వంతు విరిగితే నిలిచేది 800. వెయ్యికి ఒప్పుకున్న బ్రోకరు ఇరుక్కుంటాడు.

సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లను మూసి కట్టిన నల్లమల సాగర్ ముంపు ఊళ్ళలో ఇళ్ళు తీసేటపుడు ఈ లెక్క మరీ అవసరం. బండ కదిలించక ముందే గది పొడవు, వెడల్పు, ఊరి పేరు రాసుకోవాలి. ఊడదీశాక విరగని బండలు మళ్ళీ లెక్కపెట్టి, బిల్లులో టన్నులతో పాటు చదరపు అడుగులూ వేయాలి. లారీ ఎక్కిన తరువాత ఆ కొలత దొరకదు.