మాట వినే ఉష్ణనియంత్రకం

పల్నాటి సీమకు ఎండ కొత్త కాదు. వేసవిలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన రెంటచింతల ఈ ప్రాంతంలోనిదే. ఈపూరు వంటి గ్రామాలలో పగలంతా కాగిన శ్లాబు రాత్రి పొద్దుపోయే వరకు ఇంటిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వారే. కనుక ఇంటిని చల్లగా ఉంచుకోవడం విలాసం మాత్రమే కాదు; ఒక్కొక్కప్పుడు అది ప్రాణరక్షణ.

పూర్వం ఈ పని మనుషులే చేసేవారు. ఎండ ముదరగానే కిటికీలు మూసేవారు. వట్టివేళ్ళ తడికెలపై నీళ్ళు చల్లేవారు. చల్లగాలి తిరగగానే తలుపులు తెరిచేవారు. వేడిని గమనించడం, తగిన పని చేయడం, ఫలితాన్ని మళ్ళీ గమనించడం - ఈ మూడింటిని యంత్రానికి అప్పగిస్తే అదే థర్మోస్టాట్, అనగా ఉష్ణనియంత్రకం.

17వ శతాబ్ది తొలినాళ్ళలో కార్నెలిస్ డ్రెబ్బెల్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు కోడిగుడ్లను పొదిగించే పొయ్యికి ఇటువంటి ఏర్పాటు చేశాడు. అమెరికాలో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు 1883లో విద్యుత్ థర్మోస్టాట్‌కు పేటెంటు పొందాడు. ఇంటివారి అలవాట్లను తనంతట తాను నేర్చుకొనే నెస్ట్ థర్మోస్టాట్ 2011లో వెలువడింది.

దీని పనితీరు సులభంగానే బోధపడుతుంది. మనం 26 డిగ్రీలు కోరామనుకొందాం. గది అంతకంటె వేడెక్కితే యంత్రం చల్లబరుస్తుంది; కోరిన స్థాయికి రాగానే తగ్గుతుంది లేదా ఆగుతుంది. చలి, ఎండ రెండూ తీవ్రంగా ఉండే అమెరికాలోని డల్లాస్ వంటి నగరాలలో, మన తెలుగువారి ఇళ్ళలో సైతం, స్వయంచాలక స్థితికి రెండు హద్దులు ఉంటాయి. 20 డిగ్రీల కంటె తగ్గితే వేడి చేయాలి, 25 దాటితే చల్లబరచాలి. ఈ రెండింటి నడుమ ఎడం లేకపోతే యంత్రం ఒకసారి వేడిని, మరొకసారి చలిని ఇస్తూ విద్యుత్తును వృథా చేస్తుంది.

మన ప్రాంతపు ఏసీలలో ‘ఆటో’ స్థితి కొంత భిన్నమైనది. గది ఉష్ణోగ్రతను బట్టి చల్లబరచాలా, తేమ తీయాలా, కేవలం గాలి వీచాలా అన్నది యంత్రమే నిర్ణయిస్తుంది.

ఇక మాటతో ఆజ్ఞాపించే విధానం. పరికరం తనను పిలిచే పదం కోసం చెవి ఒగ్గి ఉంటుంది. ఆ పదం వినగానే తరువాతి మాటలను సాధారణంగా అంతర్జాలం ద్వారా దూరానగల కంప్యూటర్లకు పంపుతుంది. అవి మాటను అక్షరాలుగా మార్చి, భావాన్ని గ్రహించి, ఆజ్ఞను తిరిగి పంపుతాయి. అందువలన “చల్లగా చెయ్యి” అనడం కంటె “25 డిగ్రీలు పెట్టు” అని అంకెతో చెప్పడం మేలు. రిమోటు మీటలు కనిపించని వృద్ధులకు, మంచం దిగలేని రోగులకు ఈ సౌకర్యం గొప్ప ఆసరా.

అయితే యంత్రానికి పరిమితులున్నాయి. అది తానున్న చోటి వేడినే కొలుస్తుంది; మూలనున్న మంచం వద్ద ఉక్కపోతను ఎరుగదు. అంతర్జాలం లేకపోతే మాట చెల్లకపోవచ్చు. కరెంటు పోయి వచ్చాక కొన్ని ఏసీలు తమంతట తాము తిరిగి పనిచేయవు. ముసలితనంలో దాహం, వేడి తెలిసే శక్తి తగ్గుతుంది. కనుక ముసలి తల్లిని యంత్రానికి అప్పగించి పత్తి చేలకు వెళ్ళిన కుమారుడు, మధ్యాహ్నం ఒకసారి పొరుగువారిచేతనైనా ఆమెను పలకరింపజేయాలి. ఇంటి మాటలు వినే పరికరం గనుక దాని మైకును అవసరం లేనప్పుడు ఆపివేయడం కూడా వివేకమే.

పొదుపును మరువరాదు. 2020 జనవరి 1 నుండి స్టార్ లేబుల్ గల గది ఏసీలు మొదట 24 డిగ్రీల వద్ద పనిచేసేలా ఉండాలని కేంద్ర ప్రభుత్వం నిర్దేశించింది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. 26 వద్ద ఉంచి పంకా తిప్పుకొంటే దేహానికీ హాయి, బిల్లుకూ హాయి.

యంత్రం మన మాట వింటుంది. మన బాధను వినలేదు. ఆ పని మనిషిదే.